220 కిలోపాస్కల్ అంటే ఎన్ని పీఎస్ఐ?

ప్రశ్న: కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో టైర్లలో గాలి 220 కిలోపాస్కల్ ఉండాలని రాశారు. నా దగ్గరున్న ఒక మీటరు మీద పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), బార్ అంకెలు, మరో మీటరు మీద చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాముల లెక్క ఉన్నాయి. వీటిని ఒకదాని నుంచి మరొకదానికి ఎలా మార్చుకోవాలి? మన చుట్టూ ఉన్న గాలికే దాదాపు ఒక బార్ పీడనం ఉంటుందంటారు కదా, మరి గాలి పూర్తిగా పోయిన టైరుకు మీటరు సున్నా ఎందుకు చూపుతుంది?

జవాబు: మీ మొదటి ప్రశ్నకు సమాధానం కేవలం గుణకార భాగహారాలే. ఒక చదరపు మీటరు వైశాల్యం మీద ఒక న్యూటన్ బలం పనిచేస్తే ఆ పీడనాన్ని ఒక పాస్కల్ అంటారు. ఏ ప్రమాణంలో ఉన్న విలువనైనా ముందు పాస్కల్‌లోకి తెచ్చి, అక్కడి నుంచి కావలసిన ప్రమాణంలోకి మార్చుకుంటే పొరపాటుకు అవకాశం తక్కువ. ఒక బార్ 100 కిలోపాస్కల్‌కూ, ఒక పీఎస్ఐ సుమారు 6.895 కిలోపాస్కల్‌కూ, చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము అనే పీడనం సుమారు 98.07 కిలోపాస్కల్‌కూ సమానం. ఆ లెక్కన మీ 220 కిలోపాస్కల్ అంటే 2.2 బార్, లేదా దాదాపు 31.9 పీఎస్ఐ, లేదా చదరపు సెంటీమీటరుకు 2.24 కిలోగ్రాములు. చివరి ప్రమాణానికీ బార్‌కూ తేడా రెండు శాతమే కాబట్టి టైర్ల విషయంలో దాన్ని పట్టించుకోనక్కరలేదు గానీ, ప్రయోగశాలలో మాత్రం అలా సరిపెట్టుకోకూడదు.

రెండో ప్రశ్న ఇంతకంటే లోతైనది. టైరు మీటరు కొలిచేది లోపలి గాలి మొత్తం పీడనాన్ని కాదు, బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో ఆ తేడాను. దీన్ని గేజ్ పీడనం అంటారు. శూన్యం నుంచి లెక్కించేది పరమ పీడనం. సముద్రమట్టం దగ్గర గేజ్ విలువకు సుమారు 101.3 కిలోపాస్కల్, అంటే 14.7 పీఎస్ఐ కలిపితే అది వస్తుంది. రక్తపోటు కూడా గేజ్ పీడనమే. 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే 16 కిలోపాస్కల్. వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లు కనుక, పరమ పీడనంగా చెబితే అదే రక్తపోటు 880 అవుతుంది! బారోమీటరు మాత్రం పరమ పీడనాన్నే చూపుతుంది. కొన్ని పరికరాల మీద పీఎస్ఐ పక్కన కనిపించే ‘జీ’ (g) అనే అక్షరం గేజ్ పీడనానికీ, ‘ఏ’ (a) అనే అక్షరం పరమ పీడనానికీ గుర్తులు.

వాయువుల సూత్రాలు వాడేటప్పుడు ఈ తేడాను మరిచిపోతే ప్రమాణాల మార్పిడి ఎంత సరిగా చేసినా జవాబు తప్పుతుంది. ఉదాహరణకు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 32 పీఎస్ఐ చూపిన టైరు, ఘనపరిమాణం మారకుండా 57 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. కెల్విన్‌లో చూస్తే ఉష్ణోగ్రత 300 నుంచి 330కి, అంటే పది శాతం పెరిగింది, కాబట్టి పరమ పీడనం కూడా పది శాతం పెరుగుతుంది. 32కే పది శాతం కలిపితే 35.2 వస్తుంది, అది తప్పు. పరమ పీడనమైన 46.7కు పది శాతం కలిపి, 14.7 తీసివేస్తే దాదాపు 36.7 వస్తుంది, మీటరు చూపేది ఇదే. మీ పుస్తకంలోని 220 కిలోపాస్కల్ చల్లగా ఉన్న టైరుకు చెప్పిన గేజ్ విలువ కాబట్టి, దూరప్రయాణం చేసి ఆగిన వెంటనే మీటరు ఎక్కువ చూపిందని గాలి తీయకండి.