పాటల డిస్క్‌లు రాయబోతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిరంజీవి పాపకు మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ పాటల క్యాసెట్లు డిస్క్‌ల మీదికి ఎక్కించి, ఈ దసరాకు బంధువులందరికీ తలా ఒకటి ఇవ్వాలనుకుంటున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. బడిలో ఒడియా చదువుకుని పెరిగిన నీకు ఆ తెలుగు పెళ్లిపాటలు పోకూడదని తోచినందుకు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. అయితే ఇదే పని నేనొకసారి చేసి చెడగొట్టాను కనుక రాత్రి నిద్ర పట్టలేదు, తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ప్లేయరులో టేపును చదివే తలను (హెడ్‌ను) స్పిరిట్‌తో తుడిచాకే అందులో టేపు పెట్టు. అరవై నిమిషాల క్యాసెట్ ఒక సీడీలో పడుతుంది. తొంభై నిమిషాలది పట్టదు, ఎందుకంటే మామూలు సీడీ నిడివి 80 నిమిషాలే.

ఇక నా తప్పు సంగతి. 2004లో బజారులో నా క్యాసెట్ల దుకాణం నడుస్తున్న రోజుల్లో, మీ పెద్దమ్మ కూతురి పెళ్లికి ముందు రాత్రి, అమ్మ పాడిన రెండు క్యాసెట్లను సీడీలుగా కొట్టాను. పేరూ ఊరూ లేని డిస్క్‌ల డబ్బా ఒకటి చవకగా దొరికింది. డ్రైవు 52 స్పీడు వరకు, అంటే పాట నడిచే వేగానికి 52 రెట్ల వరకు, రాయగలదు, నాకు తొందర, అందుకే అదే స్పీడు పెట్టాను. సీడీ మూడు నిమిషాల్లో బయటికి వచ్చింది. మొదటి పాట పెట్టి చూస్తే గొంతు గాజులా పలికింది, అంతటితో తృప్తిపడి అందంగా కాగితపు లేబుల్ అంటించాను. డిస్క్ చేతికి వచ్చింది కదా అని ఆ రెండు క్యాసెట్ల మీదే ఎవరో అడిగిన భజనలు నింపి ఇచ్చేశాను.

అయిదేళ్ల తరువాత, అమ్మ సంవత్సరీకం నాడు ఆ సీడీ పెట్టాము. పెళ్లిపాటలు బాగానే వచ్చాయి. ఆఖరున ఉన్న ఊయలపాట దగ్గరకు రాగానే గొంతు ముక్కలు ముక్కలుగా తెగి, చిటపటలు వచ్చి, ప్లేయరు ఆగిపోయింది. మీ అమ్మ గది నుంచి లేచి వెళ్లిపోయింది. ఆ పాట మరెక్కడా లేదు.

ఎందుకు జరిగిందో తరువాత తెలుసుకున్నాను. సీడీ లోపలి అంచు నుంచి బయటి అంచుకు రాసుకుంటూ పోతుంది. 52 అనే వేగం నిజంగా అందేది బయటి అంచులోనే. అప్పుడు డిస్క్ నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరుగుతుంది, ఏ కొంచెం బరువు తేడా ఉన్నా వణుకుతుంది, లేజరుకు రంగుపొర మీద గుర్తు పెట్టడానికి దొరికే సమయం అతి స్వల్పం. నాసిరకం పొర కూడా తోడైతే గుర్తులు బలహీనంగా పడతాయి, ఆ దెబ్బ చివరి పాటలకే తగులుతుంది. మొదటి పాట విని సరిపెట్టుకోవడంలో నేను చేసిన పొరపాటు అదే.

కనుక సీడీని 16 లేక 24 స్పీడులోనూ, 16 స్పీడు డీవీడీని 8లోనూ రాయి. అలాగని ఒకటికో రెండుకో దించకు. నేటి డిస్క్‌ల రంగుపొర అంత నెమ్మదికి తగినట్టు తయారు కాదు, అప్పుడూ తప్పులు పెరుగుతాయి. రాశాక వెరిఫై, అంటే రాసింది అసలుతో సరిపోయిందో లేదో కంప్యూటరుతో సరిచూడటం, తప్పక చేయించు, ఆపైన చివరి పాట నీ చెవులతో విను. బంధువుల పాత ప్లేయర్లలో ఆడాలంటే డిస్క్‌ను ఫైనలైజ్ చేయడం, అంటే రాత ముగిసిందని మూసివేయడం, మరవకు.

డబ్బా మీది పేరు ఒకటి, లోపల తయారుచేసినవారు వేరొకరు కావచ్చు. ఇమ్‌జ్‌బర్న్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో డీవీడీ పెడితే తయారీ గుర్తు కనబడుతుంది. జపాను తైయో యుదెన్ డిస్క్‌లను మేమంతా నమ్మేవాళ్లం, ఆ కంపెనీ 2015లో ఈ వ్యాపారం మానుకుంది. ఇప్పుడు వెర్బాటిమ్ చూడు. ముందు నాలుగైదు కొని పరీక్షించాకే డబ్బా కొను.

మన ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో నీకు తెలుసు. డ్రైవులోని బఫర్ రక్షణ, అంటే డేటా అందడం ఆలస్యమైతే రాతను కాసేపు ఆపే ఏర్పాటు, కంప్యూటరు తడబాటును కాస్తుంది గాని కరెంటు పోతే కాయదు, అందుచేత చార్జింగు నిండిన ల్యాప్‌టాప్ మీదే రాయి. కాగితపు లేబుల్ వద్దు తల్లీ, నీటి సిరా మార్కరుతో పేరు రాస్తే చాలు. సీడీలో వెండిపొర పైవైపు వార్నిషు కిందే ఉంటుంది, గోరు గీత పడినా పాట పోతుంది. ఎండ తగలనివ్వకు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాను ముంచినప్పటి నుంచి నాకు ఇంకో భయం పట్టుకుంది. అసలు ఫైళ్లు డీవీడీ మీద రెండు ప్రతులు చేసి, ఒకటి బరంపురంలో మీ చిన్నాన్న ఇంట్లో ఉంచు, హార్డు డిస్కులో మరొకటి ఉండనీ. అమ్మమ్మ క్యాసెట్లు ఏడింటినీ మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకు, వాటి వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ చెవులు విరిచేసి దాచు, అప్పుడు పొరపాటున కూడా వాటి మీద రికార్డు పడదు.

మొదటి డిస్క్ పూర్తికాగానే నా దగ్గరకు తీసుకురా. నా పాత ప్లేయరు ఇంకా నడుస్తోంది. చివరి పాటతో మొదలుపెట్టి విందాము, మీ అమ్మనూ వెంటబెట్టుకుని రా.

ఆశీస్సులతో,
మామయ్య