లంబరేఖ పాఠం చెప్పబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఒక బిందువు గుండా పోతూ, ఇచ్చిన సరళరేఖకు లంబంగా ఉండే రేఖ సమీకరణం కనుక్కోవడమే తరగతిలో నీవు చెప్పబోయే మొదటి పాఠమని మీ నాన్న ఫోనులో చెప్పాడు. విన్నప్పటి నుంచి సంతోషంతో పాటు బెంగ కూడా పట్టుకుంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ పాఠం చెప్పినవాణ్ణి కనుక, అందులో పిల్లలు ఎక్కడ తడబడతారో, వారికంటే ముందు చెప్పేవారు ఎక్కడ తడబడతారో నాకు తెలుసు.

లెక్క చేసే వరుస నీకు కొత్త కాదు. 3ఎక్స్ − 4వై + 12 = 0 అనే రేఖకు (2, 7) గుండా లంబం కావాలనుకో. రేఖ వాలు, అంటే కుడికి ఒక అడుగు వేస్తే పైకి ఎంత ఎక్కుతామో ఆ కొలత, 3/4, లంబం వాలు −4/3, కాబట్టి వై − 7 = (−4/3)(ఎక్స్ − 2); సవరిస్తే 4ఎక్స్ + 3వై − 29 = 0. ఎక్స్ గుణకాన్నే వాలు అనుకుని 3 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ముందు వైని ఒక పక్కకు ఒంటరిగా తెమ్మని చెప్పు. చివర బిందువును ప్రతిక్షేపించి 8 + 21 − 29 సున్నా అయిందని చూసుకుంటే సరిపోదు. ఆ పరీక్ష రేఖ బిందువు గుండా పోతోందని మాత్రమే చెబుతుంది. వాలుల లబ్ధం −1 అయిందో లేదో విడిగా చూడాలి.

ఇక నా వల్ల జరిగిన ఒక తప్పు చెబుతాను. మీ నాన్నకు కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వాలుల లబ్ధం −1 అని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి, పిల్లల చేత కంఠస్థం చేయించి, ఆ వారమే పరీక్ష పెట్టాను. అందులో ఎక్స్ = 5 అనే రేఖకు (2, 7) గుండా లంబం కనుక్కోమని ఒక ప్రశ్న వేశాను. తొందరలో వేసిన ప్రశ్న అది. ముందుగా చేసి చూడలేదు. దిద్దడానికి కూర్చున్నప్పుడు, నిలువు రేఖకు వాలు నిర్వచితం కాదు కనుక లంబానికీ సమీకరణం ఉండదని తేల్చేసుకున్నాను. చాలామంది ఆ ప్రశ్న వదిలేశారు. చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి మాత్రం వై = 7 అని రాసి, పక్కనే ఒక నిలువు గీత, దానికి అడ్డంగా (2, 7) గుండా మరో గీత గీసి, అవి కలిసే చోట లంబకోణపు గుర్తు కూడా పెట్టాడు. సూత్రం ఏదని ఎర్ర సిరాతో రాసి సున్నా వేశాను.

కాగితాలు పంచిన రోజు వాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "గీత లంబంగానే ఉంది కదా సార్" అని మెల్లగా అడిగాడు. వాలే లేని రేఖకు లంబం ఎక్కడి నుంచి వస్తుందని అందరి ముందూ కసిరాను. వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లి కూర్చున్నాడు. ఆ రాత్రి పటం గీసి చూసుకునేసరికి నా ఒళ్లు చల్లబడింది. మర్నాడు ఆ ప్రశ్నకు అందరికీ మార్కులు కలుపుతున్నానని ప్రకటించానే గాని, తప్పు నాదని, వాడి జవాబే సరైనదని నోరు విప్పి చెప్పలేకపోయాను. ఆ ఏడాదంతా వాడు మరో ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ కాగితం మడత నాకు కనిపిస్తూనే ఉంటుంది.

నాకు ఆనాడు సూత్రం వచ్చు, దాని పుట్టుక తెలియదు. నీవు దాని పుట్టుకతోనే మొదలుపెట్టు తల్లీ. పై రేఖ మీద ఒక బిందువు నుంచి కుడికి 4, పైకి 3 నడిస్తే మళ్లీ ఆ రేఖ మీదికే చేరతాం. ఆ నడకను గడియారం ముళ్లకు ఎదురు దిశలో ఒక లంబకోణం తిప్పితే కుడికి నడిచిన 4 పైకి, పైకి నడిచిన 3 ఎడమకు మారతాయి. వాలు తలకిందులు కావడం, గుర్తు మారడం రెండూ ఆ తిప్పడంలోనే ఉన్నాయి. నిలువు రేఖనూ అలాగే తిప్పు; పైకి వేసిన అడుగు ఎడమకు వేసిన అడుగవుతుంది, అడ్డగీత వస్తుంది. రెండు రేఖలకూ వాలు ఉన్నప్పుడే లబ్ధం మాట వర్తిస్తుందని అప్పుడు పిల్లలే అంటారు.

ఏఎక్స్ + బీవై + సీ = 0 కు లంబం బీఎక్స్ − ఏవై + కే = 0 అన్న రూపం కూడా తరువాత చూపించు. అందులో భాగహారం లేదు కనుక నిలువు రేఖకూ ఇబ్బంది రాదు. బిందువును ప్రతిక్షేపిస్తే కే విలువ తేలుతుంది.

బిందువు రేఖ మీద లేదని కొందరు గాభరా పడతారు. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మొదటి సంపుటిలో రేఖ మీది బిందువుకు 11వ ప్రతిపాదన, బయటి బిందువుకు 12వది విడివిడిగా ఉన్నాయి. సమీకరణంతో చేసేటప్పుడు రెండింటికీ పద్ధతి ఒకటే. మన లెక్కలో (2, 7) రేఖకు బయటే ఉంది, లంబం రేఖను (3.2, 5.4) దగ్గర తాకుతుంది, దూరం సరిగ్గా 2. గ్రాఫు మీద ఇది చూపేటప్పుడు రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకో, లేకపోతే సరైన లంబం కూడా వాలిపోయినట్టు కనిపించి పిల్లలు తమ జవాబును అనుమానిస్తారు.

నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు జవాబు రాగానే పుస్తకం మూసేసేదానివి, ఎన్నిసార్లు కోప్పడ్డానో గుర్తుందా? అదే నీవు ఎనిమిదేళ్లప్పుడు నా మూలమట్టం పట్టుకుని, తలుపుల మూలలన్నీ లంబకోణాలేనా అని ఒక పూటంతా ఓపికగా ఇల్లంతా కొలిచావు. ఆ మూలమట్టం పోస్టులో పంపుతున్నాను. నడకను తిప్పి చూపించడానికి పనికొస్తుంది. ఎక్స్ = 5 అనే రేఖను మాత్రం రెండో రోజుకు వాయిదా వేయకు, మొదటి రోజే బోర్డు మీద గీసి, లంబం ఎలా ఉంటుందో వాళ్లనే చెప్పమను.

ఇట్లు,
మీ తాతయ్య