ఇంట్లో ఒక్క బోన్సాయ్‌తో మళ్లీ మొదలుపెట్టాలంటే ముందు కిటికీ చూసుకోండి

ఇంతకు ముందున్న బోన్సాయ్‌లన్నీ పోయాయి, ఇంట్లోనే పెంచుకునేలా ఒకే ఒక్క చెట్టుతో మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నాను, ఏది కొనమంటారు అని అడిగారు. ఏది కొనాలో చెప్తాను. కానీ అంతకంటే ముందు మీ ఇంట్లో ఏ కిటికీకి ఎంత వెలుతురు వస్తుందో చూసుకోండి. ఇంట్లో పెట్టిన బోన్సాయ్ బతుకుతుందా లేదా అన్నది సగం అక్కడే తేలిపోతుందని నా అనుభవం.

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. లైట్లు వేసిన గదిలో ఉండేది కొన్ని వందల లక్స్ మాత్రమే. మన కళ్లు సర్దుకుంటాయి కాబట్టి గది కూడా మనకు వెలుగ్గానే అనిపిస్తుంది, చెట్టుకు ఆ సదుపాయం లేదు. టీపాయ్ మీద, టీవీ పక్కన పెడితే చూడ్డానికి బాగుంటుంది గానీ అది అక్కడ పస్తులున్నట్టే. నేను ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ పెట్టి కిటికీ గట్టు మీద ఒకసారి, గది మధ్యలో ఒకసారి చూశాను. ఆ యాప్‌లు అంత కచ్చితం కాదు, అయినా తేడా చూశాక సామాన్లన్నీ జరిపేసి చెట్టుకు గట్టు మీద చోటు ఇచ్చాను. ఎండ పడే కిటికీ లేకపోతే మొక్కల కోసమే చేసే ఎల్‌ఈడీ గ్రో లైట్ ఒకటి దగ్గరగా బిగించి, టైమర్‌తో రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి.

ఇక చెట్టు సంగతి. పుట్టుకతో ఇండోర్ చెట్టు అంటూ ఏదీ లేదు. వేడి ప్రాంతాల చెట్లలో కొన్ని గది వాతావరణాన్ని ఓర్చుకుంటాయి, అంతే. వాటిలో మొండిది ఫైకస్, అంటే మర్రి, రావి కుటుంబానిదే. దాని తర్వాత షెఫ్లెరా. మీరు నీళ్లు పోయడం మర్చిపోయే రకమైతే జేడ్ మంచిది. కార్మోనా, సెరిస్సా పూలు చూసి మనసు పారేసుకోకండి, చోటు కాస్త మారినా అలిగే రకాలు అవి, మొదటి చెట్టుగా వద్దు.

జునిపర్‌ను మాత్రం ఇంట్లో అస్సలు పెట్టకండి. బోన్సాయ్ అనగానే బొమ్మల్లో కనిపించేది ఎక్కువగా అదే, చాలామంది మొదట కొనేదీ అదే. దానికి ఆరుబయట ఎండ, గాలి, చలికాలపు విశ్రాంతి కావాలి. పైగా అది చచ్చిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. అందుకే రంగు మారిన రోజున మనం నిన్నటి నీళ్లనో, మొన్నటి ఎరువునో అనుమానిస్తాం. మీ పాత చెట్లలో జునిపర్ ఉండి ఉంటే దాని చావుకు మీ నీళ్లు కారణం కాకపోవచ్చు. 1625 నుంచి సాకుతున్న యమకి పైన్ అనే బోన్సాయ్ 1945లో హిరోషిమా బాంబును కూడా తట్టుకుంది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని మ్యూజియంలో ఉంది. పైన్ లాంటి అంత గట్టి జాతి కూడా జునిపర్‌లాగే ఇంటి లోపలి చెట్టు కాదు.

కొనేటప్పుడు కాండం మొదలు ఎలా ఉందో చూసి కొనండి. చిన్న కుండీలో కాండం లావెక్కడం బాగా నెమ్మది, కాబట్టి ఇప్పుడు నచ్చని మొదలు కొన్నేళ్లకైనా అలాగే ఉంటుంది. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో తిప్పి చూడండి. పైన గులకరాళ్లు జిగురుతో అంటించి ఉంటే ఇంటికి తెచ్చిన రోజే ఊడదీయండి, లేదంటే మట్టి తడిగా ఉందో లేదో మీకు తెలిసే దారే ఉండదు.

నీళ్ల విషయంలో వారానికి ఇన్నిసార్లు అనే లెక్క పనికిరాదు. రోజూ చూడాలి, అవసరమైతేనే పోయాలి. సన్నని చెక్క పుల్ల ఒకటి అంగుళం లోతు గుచ్చి కాసేపాగి తీస్తే తడి ఉందో లేదో తెలిసిపోతుంది. జేడ్‌కు అయితే మట్టి బాగా ఆరనివ్వాలి. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి, పళ్లెంలో నిలిచింది పారబోయండి. ఆకుల మీద స్ప్రే కొట్టడం నీళ్లు పోసినట్టు కాదు.

లోతు తక్కువ కుండీ త్వరగా ఆరిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో మట్టి తక్కువ కాబట్టి అది నిజమే, కానీ నీళ్లు పోసిన వెంటనే జరిగేది వేరు. తడిపిన స్పాంజిని పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. లోతు తక్కువ కుండీ పడుకోబెట్టిన స్పాంజి లాంటిది, అడుగున నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. మెత్తటి తోట మట్టి వేస్తే వేళ్లు కుళ్లేది అందుకే. పొడి జల్లించేసిన 3 నుంచి 6 మిల్లీమీటర్ల గింజలు, అంటే ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి), లావా రాయి, అకడమా (జపాన్ బంకమట్టి గింజలు) లాంటివి వాడితే గాలి ఆడుతుంది. అందులో పోషకాలు పెద్దగా ఉండవు, పెరిగే కాలంలో పలచగా ఎరువు ఇస్తుండాలి. అయితే కొత్త చెట్టుకు వచ్చీ రాగానే కుండీ మార్చకండి. చిగుళ్లు జోరుగా వస్తున్నప్పుడు, వెచ్చని రోజుల్లో చేయండి.

ఒక్క చెట్టే ఉన్నప్పుడు అసలు ఇబ్బంది మన చేతులతోనే. చూపంతా దాని మీదే, రోజూ ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. నా ఫైకస్ ఇంటికొచ్చిన కొత్తలో ఆకులు గంపెడు రాల్చింది. ఒకరు కుండీ మార్చమన్నారు, ఒకరు ఎరువు వేయమన్నారు. గోటితో బెరడు కొంచెం గీకితే లోపల పచ్చగా ఉంది, సన్నగా పాలు వచ్చాయి. సరే బతికే ఉందని కదపకుండా వదిలేశాను. ఆకులు తక్కువ కాబట్టి నీళ్లు కూడా తక్కువే తాగుతుంది, అదొక్కటి గమనించుకున్నాను. కొన్ని వారాలకు కొమ్మల నిండా చిగుళ్లు వేసింది. చోటు మారితే ఫైకస్ ఆకులు రాల్చడం మామూలే, టెన్షన్ పడాల్సిన పని లేదు.

కత్తెర విషయానికొస్తే, రెమ్మకు ఆరు నుంచి ఎనిమిది ఆకులు వచ్చేదాకా పెరగనిచ్చి, రెండు ఉంచి కత్తిరించండి. కొమ్మల్ని వంచడానికి వైరు చుడితే అల్యూమినియంది వాడండి, బెరడులోకి దిగకముందే విప్పేయండి. ఫైకస్ వేగంగా పెరిగే రోజుల్లో అది మీరనుకున్న దానికంటే ముందే దిగిపోతుంది. ఇవి చేసిన నెలలో కుండీ జోలికి వెళ్లకండి. అప్పటికీ చేతులు ఊరుకోకపోతే కత్తిరించిన ఫైకస్ రెమ్మల్ని తడి మట్టిలో గుచ్చండి, చాలావరకు వేళ్లు పోసుకుంటాయి. ప్రయోగాలన్నీ వాటి మీద చేసుకోండి.