పాఠకుల ప్రశ్నలు: పెరట్లో రాళ్లు చెక్కే అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. ఆదిమానవుల్లా రాయిని రాయితో కొట్టి బాణపు ములుకులు చేసే వీడియోలు చూసి, నెల రోజులుగా పెరట్లో కంకర పగలగొడుతున్నాడు. ఒక్క ములికీ రాలేదు కానీ రెండుసార్లు చెయ్యి కోసుకున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది పనికొచ్చే విద్యేనా? మాన్పించమంటారా?
– ఒక తల్లి, మదనపల్లె

జవాబు: మాన్పించకండమ్మా. రాయి మార్పించండి.

మీ వైపు కంకరంటే గ్రానైటే. అది పలుకులు పలుకులుగా ఉంటుంది కాబట్టి దెబ్బ పడితే ఎటుపడితే అటు విరుగుతుంది. చెక్కడానికి కావలసింది పలుకు కనిపించని, గాజులా నున్నగా విరిగే రాయి. యూరప్‌లో చెకుముకి రాయి, అమెరికాలో అబ్సిడియన్ అనే అగ్నిపర్వతాల గాజు అలాంటివి. మీవాడికి ప్రస్తుతానికి మందపాటి గాజు సీసా అడుగు చాలు. కాలిఫోర్నియా ఆదివాసుల్లో యాహీ అనే తెగలో ఒంటరిగా మిగిలి 1911లో బయటి ప్రపంచంలోకి వచ్చిన ఇషి, 1916లో చనిపోయేదాకా శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉన్నాడు. అక్కడ ఆయన సీసా గాజుతో కూడా ఎంతో అందమైన ములుకులు చేశాడు.

నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. పాతరాతియుగం పాఠం ఒక్క పీరియడ్‌లో ముగించేవాణ్ణి. ఆ పని ఎంత కష్టమో తెలిసింది రిటైరయ్యాక, గుజరాత్‌లోని ఖంభాత్‌లో. అక్కడ అకీక్ (అగేట్) రాయితో పూసలు చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేలలో ఏటవాలుగా పాతిన ఇనుప ఊచ, దాని మొన పైకి. పనాయన నేల మీద కూర్చుని, ఎడమచేత్తో రాయి అంచును ఆ మొనకు ఆనించి, సన్నటి బెత్తానికి బిగించిన గేదె కొమ్ము సుత్తితో టక్కున తట్టాడు. సుత్తి తగిలింది ఒకవైపు, పెచ్చు లేచింది మొన ఆనిన వైపు. నా చేతికీ ఇచ్చారు. బలంకొద్దీ కొట్టాను. రాయి రెండు ముక్కలైంది. ఆయన ఏమీ అనకుండా ఇంకో రాయి పెట్టి, నా మణికట్టు పట్టుకుని కొద్దిగా, నువ్వుగింజంత, వంచి మళ్లీ కొట్టమన్నాడు. ఈసారి చేపపొలుసులా పెచ్చు ఊడి నా ఒళ్లో పడింది. చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

కిటికీ అద్దానికి ఎయిర్‌గన్ గుండు తగిలితే ఇటు చిన్న చిల్లు, అటువైపు గరాటులా పెచ్చు ఊడటం చూసే ఉంటారు. కిటుకంతా అదే. దెబ్బ లోపలికి గరాటులా విప్పారుతుంది. ఆ గరాటులో ఒక పక్కను మాత్రమే రాయి అంచునుంచి ఊడదీయాలి. అందుకు దెబ్బపడే చోట కోణం 90 డిగ్రీల లోపు ఉండాలి. అంచు మరీ పల్చగా ఉంటే పొడైపోతుంది, కాబట్టి ప్రతి దెబ్బకు ముందు గరుకు రాయితో రుద్ది దాన్ని కాస్త మొద్దు చెయ్యాలి. మీ అబ్బాయి ఈ రుద్దడం చేస్తున్నట్టు లేదు. ఊడిన పెచ్చు మీద దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కణ్ణుంచి ఆల్చిప్ప మీది గీతల్లా వంపులు కనిపిస్తే చెయ్యి కుదురుతున్నట్టే.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ పడకండి. కళ్లకు అద్దాలు, చేతికి తోలు గ్లోవ్స్, తొడ మీద మందపాటి తోలు ఉండాలి. గదిలో అసలే వద్దు, ఆరుబయట మాస్క్ పెట్టుకునే చెయ్యాలి. ఇంగ్లండ్‌లోని బ్రాండన్‌లో తుపాకులకు చెకుముకి చెక్కినవాళ్లనూ, ఖంభాత్‌లో అకీక్ సానపట్టేవాళ్లనూ రాళ్లలోంచి లేచే సిలికా దుమ్మే ఊపిరితిత్తుల జబ్బుతో పొట్టనబెట్టుకుంది. వీడియోల్లో జింక కొమ్ము వాడుతుంటారు. మన దగ్గర దానికి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. రాగి కడ్డీ చాలు.

పనికొచ్చే విద్యేనా అన్నారు. అమెరికాలోని ఐడాహోలో డాన్ క్రాబ్‌ట్రీ అనే ఆయన సొంతంగా రాళ్లు చెక్కడం నేర్చుకుని, తర్వాత ఎందరో పురావస్తు విద్యార్థులకు నేర్పాడు. 1970లలో తనకు ఆపరేషన్ అవసరమైతే తాను చేసిన అబ్సిడియన్ బ్లేడ్లే సర్జన్‌కు ఇచ్చాడు.

ప్రశ్న: పొలం దున్నుతుంటే అరచేతికంటే పెద్దది, బాదంకాయ ఆకారంలో రెండువైపులా చెక్కిన రాయి దొరికింది. కడిగి దాచుకోవచ్చా?
– ఒక రైతు, కడప జిల్లా

జవాబు: కడగకండి. మీరు చెప్పిన ఆకారం పాతరాతియుగపు చేతిగొడ్డలిదే. మద్రాసు దగ్గర పల్లవరంలో 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు దొరికింది కూడా చెక్కిన రాతి పనిముట్టే. మన దేశ పాతరాతియుగం కథ అక్కణ్ణుంచే మొదలైంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఏ చేలో, ఎంత లోతులో దొరికిందో రాసి పెట్టుకుని పురావస్తు శాఖకు కబురు చెయ్యండి. దొరికిన చోటు తెలియకపోతే ఆ రాయి విలువ సగం పోయినట్టే. ఆ చుట్టూ ఉన్న పెచ్చులూ కదపొద్దు.

పై జాబులోని అబ్బాయికీ ఒక మాట. చేసిన ప్రతి ములికి మీదా చెరగని ఇంకుతో తేదీ వెయ్యి నాయనా. పెచ్చులన్నీ డబ్బాలో పోసి ఉంచు, చేలగట్ల మీద మాత్రం పారబోయకు. రేపెవరైనా వాటిని ఆదిమానవులవని పొరబడతారు.