ఇన్సులిన్ జవాబు గేటు దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి పాపకు, పెద్దనాన్న ఆశీస్సులు.

ఫిజియాలజీలో ఇన్సులిన్ విడుదల ఎన్నిసార్లు చదివినా బాణాలు కలగాపులగం అవుతున్నాయని రాశావు. అవుతాయి మరి. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, పేగు హార్మోన్ జీఎల్‌పీ-1, వేగస్ నరం, అడ్రినలిన్, అన్నింటినీ పుస్తకంలో ఒకే పంక్తిలో కూర్చోబెడతారు. నువ్వు మాత్రం అందరికీ ఒకే పీట వేయకు. పెళ్ళికొడుకు గ్లూకోజ్. మిగతావాళ్ళు మేళం జోరు పెంచేవాళ్ళో, ఆపమని చెయ్యి ఊపేవాళ్ళో.

ముందు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాన్ని, ఒకే ఒక్కదాన్ని, అరపేజీ బొమ్మగా గియ్యి. గ్లూకోజ్ లోపలికి వచ్చే దారి దగ్గర చాలామంది గ్లూట్-2 అనే రవాణా ప్రోటీన్ పేరు రాసి వదిలేస్తారు. ఎలుకల్లో అది సరే. మనిషి బీటా కణంలో గ్లూట్-1 పాత్రే ఎక్కువ, ఆ మాట ఒక వాక్యంలో రాయి. దారి ఏదైనా అసలు కొలిచేది లోపల ఉన్న గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్. మామూలు హెక్సోకైనేజ్ కొద్దిపాటి గ్లూకోజ్‌కే నిండిపోతుంది. గ్లూకోకైనేజ్ సగం వేగం అందుకోవడానికే లీటరుకు దాదాపు 8 మిల్లీమోల్స్, అంటే డెసిలీటరుకు సుమారు 144 మిల్లీగ్రాముల గ్లూకోజ్ కావాలి. అందుకే భోజనం తర్వాత చక్కెర కొంచెం పెరిగినా దాని వేగం మారుతుంది. పైగా తను తయారుచేసిన పదార్థమే తనకు అడ్డుపడదు.

గ్లూకోజ్ కాలితే కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ వచ్చి పొటాషియం గేటును మూస్తుంది. మూస్తుంది, తెరవదు! సగం మంది పిల్లలు తప్పు రాసేది ఇక్కడే. ఆ గేటు తెరిచి ఉన్నంతసేపు పొటాషియం బయటికి కారుతూ కణం లోపలి వైపు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలబడుతుంది. మూతపడగానే ధనావేశం లోపలే ఉండిపోయి వోల్టేజీ పైకి లేస్తుంది, కాల్షియం గేట్లు తెరుచుకుంటాయి, కాల్షియం చొరబడి ఇన్సులిన్ సంచుల్ని పొరకు అతికించి బయటికి ఒలికిస్తుంది. ఒకటి మూతపడాలి, తర్వాత ఇంకొకటి తెరుచుకోవాలి. ఈ వరుస చేతికొస్తే మిగతాదంతా దానికి తగిలించుకుంటూ పోవచ్చు.

సరిగ్గా అర్థమైందో లేదో మాత్రలతో పరీక్షించుకో. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్రలు అదే గేటుకు ఆనుకుని ఉన్న సర్-1 ప్రోటీన్‌ను పట్టుకుని గేటు మూసేస్తాయి. రక్తంలో గ్లూకోజ్ ఉందా లేదా అని అవి అడగవు. ఒకాయన పొద్దున మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా అలిపిరి మెట్లెక్కాడనుకో. మామూలు మనిషికైతే నరాల నుంచి వచ్చే నారడ్రినలిన్ ఆల్ఫా-2 గ్రాహకాల ద్వారా ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది, చక్కెరను పెంచే హార్మోన్ గ్లూకగాన్ పెరుగుతుంది. ఈయనకు గేటు మూతపడే ఉంది, ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. మూడువేల అయిదువందల మెట్లు పూర్తికాకముందే చెమటలు, వణుకు. చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, స్పృహ ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. సంచిలో ప్రసాదం ఉంది కదా అని లడ్డు పెడితే అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. తేరుకున్నా వెంటనే పంపేయకూడదు, మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి మళ్ళీ పడిపోవచ్చు.

ఇప్పుడు జోరు పెంచేవాళ్ళు. అదే గ్లూకోజ్ స్థాయిని సిర ద్వారా తెచ్చినప్పటికంటే నోటి ద్వారా తెచ్చినప్పుడు రెండు మూడు రెట్లు ఎక్కువ ఇన్సులిన్ వస్తుంది. పేగులోంచి వచ్చే జీఐపీ, జీఎల్‌పీ-1 హార్మోన్లు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి కాల్షియం పనికి ఊతమివ్వడమే కారణం. గేటు మూతపడకపోతే ఊతమివ్వడానికి అక్కడ ఏమీ లేదు. అందుకే జీఎల్‌పీ-1 మందులు ఒంటరిగా వాడితే చక్కెర పడిపోవడం అరుదు. పోపు వాసనకే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్ వదిలి క్లోమాన్ని ముందే సిద్ధం చేస్తుందని కూడా రాయి.

ఆపేవాళ్ళలో ఆల్ఫా-2 సంగతి పైన చెప్పాను. వైవాలో మెలిక పెడతారు: బీటా-2 గ్రాహకాలు ఇన్సులిన్‌ను పెంచుతాయి కదా అని. నిజమే, కానీ ఇద్దరూ కలబడితే ఆల్ఫా-2దే పైచేయి. పక్కనున్న డెల్టా కణాల సొమాటోస్టాటిన్ ఇన్సులిన్‌నీ గ్లూకగాన్‌నీ రెండింటినీ తొక్కిపెడుతుంది.

గ్లూకగాన్ తయారుచేసే ఆల్ఫా కణానికి నాలుగు వాక్యాలు చాలు, ఒకటి మాత్రం వదలకు. సంగటి ముట్టకుండా ఉత్త నాటుకోడి పులుసే తిన్నా ఇన్సులిన్ వస్తుంది, అయినా చక్కెర పడిపోదు. అమైనో ఆమ్లాలు గ్లూకగాన్‌ను కూడా వెంట పంపుతాయి.

గ్రాఫు గీసేటప్పుడు నున్నటి గుట్టలా గీయకు. గ్లూకోజ్‌ను సిరలోకి ఒక్కసారిగా ఎక్కిస్తే పది నిమిషాల లోపే ఒక పదునైన శిఖరం వస్తుంది. అది పొర దగ్గర సిద్ధంగా ఉన్న సంచులది. అది దిగాక, స్థాయి అలాగే నిలిపితే, వెనక నిల్వలోంచి నెమ్మదిగా రెండో దశ. టైప్-2 మధుమేహంలో ముందుగా పోయేది మొదటి శిఖరమే, పక్కన చుక్కల గీతతో అదీ చూపించు.

బొమ్మ గీసి ఫోటో పంపు. పొటాషియం గేటు దగ్గర ఏం గీశావో ముందు అదే చూస్తాను.

పెద్దనాన్న