మొదటి 200కి వెళ్తున్న కోడలికి

కోడలా,

డిసెంబరులో జరిగే 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంకి, అదే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, పేరు ఇచ్చానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషపడ్డాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఒకసారి చదువు, ముందురోజు సామాను సర్దుకునేటప్పుడు మళ్లీ తీసి చూడు.

ఇది పందెం కాదన్నది ముందు మనసులో పెట్టుకో. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకబడ్డారు అనే లెక్కే ఉండదు. 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. త్వరగా చుట్టేసి ఇంటికెళ్లి నిద్రపోయినవాళ్లకీ, చివరి నిమిషంలో చేరినవాళ్లకీ గుర్తింపు ఒకటే. ఫ్రాన్స్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ మన రైడ్‌ని నమోదు చేసుకుని ఒక నంబరు ఇస్తుంది, అంతే. దారిలో కంట్రోల్ పాయింట్లుంటాయి, అంటే మనం అక్కడికి టైముకి వచ్చామని నమోదు చేసే చోట్లు. ప్రతిదానికీ తెరిచే టైమూ మూసే టైమూ ఉంటాయి. మొదట్లో ఉన్నవాటికి కొంచెం సడలింపు ఇచ్చినా, తర్వాతవన్నీ గంటకి 15 కిలోమీటర్ల లెక్కన మూసేస్తారు. ఉదయం 6కి బయల్దేరితే 105వ కిలోమీటరు కంట్రోల్ మధ్యాహ్నం 1కి మూతపడుతుంది. ఆలోపు నీకిచ్చిన రైడ్ కార్డు మీద టైము వేసి ముద్ర పడాలి. మనుషులు లేని కంట్రోల్ అయితే ఏటీఎం స్లిప్పో, షాపు బిల్లో, నిర్వాహకులు అడిగిన ఫొటోనో చూపించాలి. స్లిప్పు తీసుకోగానే దాని మీద టైము సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకో.

"గంటకి 15 అంటే ఎంత అత్తా, నేను 20కి తక్కువ ఎప్పుడూ తొక్కను" అన్నావు. నిజమే. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది కూడా అక్కడే ఉంది. 20 లెక్కన తొక్కితే 200 కిలోమీటర్లకి పది గంటలు. ఇంకా మూడున్నర గంటలు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఐదుచోట్ల నలభై నిమిషాల చొప్పున ఆగితే అందులో మూడు గంటల ఇరవై నిమిషాలు పోతాయి. మిగిలింది పది నిమిషాలు. ఒక్క పంక్చర్ పడితే అదీ అయిపోయింది. టైము దాటిపోయి కార్డు పనికిరాకుండా పోయినవాళ్లలో చాలామంది బాగా తొక్కేవాళ్లే. వాళ్ల టైమంతా టిఫిన్ సెంటర్ల దగ్గరా, ఫొటోల దగ్గరా, "ఇంకో ఐదు నిమిషాలు" అన్నచోటా పోయింది.

గంటకి 20 తొక్కే మనిషి 22కి పెంచితే మొత్తం మీద 55 నిమిషాలు మిగులుతాయి. కానీ ఆ రెండు కిలోమీటర్లు పెంచడానికి గాలితో ఎంత పోరాడాలో నీకు తెలుసు. అదే ఐదు స్టాపుల్లో తలా పదకొండు నిమిషాలు తగ్గించుకుంటే అంతే మిగులుతుంది, పైగా ఒంటికి శ్రమే లేదు. అందుకే సైకిలు దిగకముందే చేయాల్సిన పనుల వరస అనుకో: ముద్ర, బాటిళ్లలో నీళ్లు, తిండి, టాయిలెట్, బయలుదేరడం. మధ్యాహ్నం ఒక్కచోట మాత్రం నీడ చూసుకుని అరగంట కూర్చో. మిగతాచోట్ల కుర్చీ జోలికి పోకు. నిలబడే తిను, బిస్కెట్లు, ఖర్జూరాలు జేబులో వేసుకుని సైకిలు మీద తిను. ఇంటికి ఫోన్ చేయాలంటే మధ్యాహ్నం కూర్చున్నప్పుడే చెయ్యి.

మీ రూటు శంషాబాద్ దగ్గర మొదలై బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్ మీదుగా వెళ్లి అదే దారిన వెనక్కి రావడం కదా. మన వైపు చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. నువ్వు పోయేది దక్షిణానికి, అంటే పోయేటప్పుడు వీపున తోస్తుంది. నేల కూడా కృష్ణా నది వైపుకి మెల్లగా దిగుతూ పోతుంది. మీటర్‌లో 26, 27 కనిపించి ఇవాళ నాకు బాగుంది అనిపిస్తుంది. ఆ స్పీడు నీది కాదు, తిరిగి వచ్చేటప్పుడు అంతా అప్పజెప్పాలి. వంద కిలోమీటర్లు తొక్కిన కాళ్లతో, ఎదురుగాలిలో, మొత్తమ్మీద ఎక్కుడులో రావాలి. అందుకని మొదటి సగం ఐదుగంటల్లోపు అయితే మంచిదే గాని, ఇంకా తొందరపడి చేయాలని చూడకు. పక్కనున్నవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే స్పీడులోనే ఉండు. స్టార్ట్‌లో ఒక గుంపు రివ్వున దూసుకుపోతుంది, వాళ్లని పోనీ. నీ స్పీడులో వెళ్లేవాళ్లు ముప్పై నలభై కిలోమీటర్లలో తప్పకుండా దొరుకుతారు. వాళ్ల వెనక తొక్కితే గాలి నుంచి కొంత రక్షణ ఉంటుంది. కాని అడిగి వెనక చేరు, ముందు చక్రానికి నీ చక్రం తగలకుండా దూరం ఉంచు, గాలి తట్టుకోవడం నీ వంతు కూడా తీసుకో.

తిండి సంగతి. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయింది. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఓ మాదిరి అరటిపండులో 25 గ్రాములకి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. ఖరీదైన ఎనర్జీ జెల్‌లు కొనక్కర్లేదు. పల్లీపట్టి, నువ్వులుండ, ఖర్జూరాలు, అరటిపళ్లు చాలు. పొట్లం కట్టిన పులిహోర మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు, చింతపండు పులుపుకి నోటికి రుచిగా ఉంటుంది, ఉప్పూ అందుతుంది. పొద్దున స్టార్ట్‌కి గంటన్నర ముందు ఇడ్లీలు తిను. మధ్యాహ్నం పెరుగన్నం. దాబాలో ఎవరైనా బిర్యానీ చెప్తే వాళ్లని తిననీ, నువ్వు తినకు, ఎండలో ఆ నూనె కడుపులో కూర్చుని రెండు గంటలు కదలనివ్వదు.

నీళ్ల దగ్గర ఆడవాళ్లం ఒక ప్రమాదకరమైన పని చేస్తాం. టాయిలెట్ దొరకదేమోనని తాగడమే తగ్గిస్తాం. దయచేసి ఆ పని చేయకు. పెట్రోలు బంకుల్లో టాయిలెట్, తాగే నీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. ఆ హైవే మీద బంకులు బోలెడున్నాయి. మొహమాటపడకుండా వెళ్లి తాళంచెవి అడుగు. సబ్బు కాగితాలు, టిష్యూలు, ఒక చిన్న కవరు దగ్గరుంచుకో. ఆ తారీఖుకి నెలసరి వచ్చేలా ఉంటే రెండు ప్యాడ్లు ఎక్కువ పెట్టుకో, ఒంట్లో బాగుంటే తొక్కడానికి అడ్డేమీ లేదు. అలాగని ఉత్తి నీళ్లే లీటర్లకొద్దీ తాగినా ముప్పే. చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బడం మొదలవుతాయి. రెండు బాటిళ్లలో ఒకదాంట్లో ఎప్పుడూ ఓఆర్ఎస్ ఉండాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి పాకెట్ మందుల షాపులో కొను, దాని మీద ఎన్ని నీళ్లలో కలపమంటే అన్నిట్లోనే కలుపు. మజ్జిగ దొరికినచోట ఉప్పేసి తాగు.

సైకిలు మార్చాలా అని అడిగావు. వద్దు. నీ హైబ్రిడ్ చాలు. ఆ డబ్బు మంచి టైర్లకీ, ప్యాడ్ ఉన్న షార్ట్స్‌కీ, లైట్లకీ పెట్టు. టైరు 28 ఎంఎంకి తక్కువ వద్దు, 32 అయితే ఇంకా హాయి. ప్యాడ్ షార్ట్స్ లోపల వేరే బట్ట వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని చర్మం లేచిపోతుంది. ఒరుసుకునేచోట ముందుగానే క్రీమ్ రాసుకో. రైడ్ రోజు కొత్త వస్తువు ఏదీ వాడకు, షార్ట్స్ అయినా, సీటు అయినా, ఆఖరికి తినే తిండి అయినా. సీటు ఎత్తు సరిచూసుకోవడం తేలిక: సీటు మీద కూర్చుని పెడల్ కిందకి తెచ్చి దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. చిటికెన వేలూ పక్క వేలూ తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందన్నమాట, పావుగంటకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చు.

పంక్చర్ పడుతుందనే అనుకుని వెళ్లు. పేలిపోయిన లారీ టైర్లలోంచి వెంట్రుకంత సన్నని ఇనపతీగలు హైవే అంచు నిండా పడి ఉంటాయి. అవి టైర్లో గుచ్చుకుని కనపడవు. ట్యూబ్ మార్చేముందు టైరు లోపలంతా ఒక గుడ్డతో మెల్లగా తుడువు, తీగ ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. దాన్ని లాగకుండా కొత్త ట్యూబ్ వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. రెండు ట్యూబులు, టైరు విప్పే లీవర్లు, పంపు, ప్యాచ్‌లు తప్పనిసరి. దారిలో నీకు వేరే బండిలో ఎవరూ సాయం తేకూడదు, కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప. తోటి రైడర్లు ఆగి సాయం చేస్తారు, కాని వాళ్ల గడియారమూ తిరుగుతూనే ఉంటుంది. వచ్చే ఆదివారాలన్నీ వెనక చక్రం విప్పి బిగించడం నేర్చుకో. గేర్ల వైపు చేతికి నల్లగా మసి అంటుకుంటుంది, అంటనీ.

డిసెంబరంటే వరి కోతలయ్యాక వడ్లు రోడ్డు మీద ఆరబోసే రోజులు. సర్వీస్ రోడ్డు సగం వడ్లే ఉంటాయి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. వాటి మీంచి తొక్కకు, జారుతుంది, అది రైతు తిండి కూడా. రాంగ్ రూట్‌లో వచ్చే టూవీలర్లు ఎప్పుడూ అంచునే వస్తారు. ఫ్లైఓవర్ దిగేచోట, సర్వీస్ రోడ్డు కలిసేచోట ఒకసారి వెనక్కి తిరిగి చూసి చెయ్యి చూపించు. సాయంత్రం అన్నిటికన్నా నాకు భయం వెనక లైటు లేని ట్రాక్టర్లంటే. ఆ నెలలో సూర్యోదయం ఆరున్నర దాటాక, సూర్యాస్తమయం ఆరులోపే. అంటే మొదట్లోనూ చివరా చీకట్లో తొక్కాలి. హెల్మెట్, మెరిసే జాకెట్, ముందూ వెనకా లైట్లు స్టార్ట్‌లోనే చూస్తారు. వెనక లైట్లు రెండు పెట్టుకో, ఒకటి ఆరిపోయినా ఇంకొకటి ఉంటుంది. కుక్కలు తరిమితే వేగం పెంచకు. ఆగి దిగి, సైకిలు నీకూ దానికీ మధ్య పెట్టి గట్టిగా అదిలించు. హైవే మీద ఏదైనా అయితే 1033, అత్యవసరమైతే 112.

ప్రాక్టీసుకి నీకు ఎనిమిది వారాలున్నాయి. వారంలో రెండు పొద్దుటిపూటలు గంటన్నర, ఆదివారం లాంగ్ రైడ్. 60తో మొదలుపెట్టి మెల్లగా 130 దాకా తీసుకెళ్లు. 130 హాయిగా వస్తే 200 వచ్చేస్తుంది. చివరి వారం తగ్గించేసి బాగా నిద్రపో.

ఆగిపోవాల్సి వస్తే ఆగిపో. కాళ్లు నొప్పులు, విసుగు, ఏడుపు రావడం, ఇవి ఆగడానికి కారణాలు కావు, ఏదైనా తిని పది నిమిషాలు చూడు, చాలాసార్లు పోతాయి. ఎండలో చలి పుట్టడం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం, తూలు రావడం, వాంతి ఆగకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఇంక తొక్కడం లేదు. నీడలో కూర్చుని తల మీద నీళ్లు పోసుకుని నిర్వాహకులకి ఫోన్ చెయ్యి. మానేసినా సరే వాళ్లకి చెప్పకుండా ఇంటికి వెళ్లకు, రాత్రంతా నీకోసం రోడ్డు మీద వెతుకుతారు.

పారిస్-బ్రెస్ట్-పారిస్ అని ఒక ప్రశ్న వేశావు. 1891లో మొదలైన రైడ్ అది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది, 1200 కిలోమీటర్లకి పైన, ఎక్కువమందికి 90 గంటల గడువు. తర్వాతిది 2027లో. దానికి అదే ఏడాది 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేసి ఉండాలి. ముందు ఏడాది పెద్ద రైడ్‌లు చేసినవాళ్లకి రిజిస్ట్రేషన్ ముందు తెరుస్తారు. నీకు కోరిక ఉండటం మంచిదే, ఉంచుకో. కాని ఈ 200 పూర్తయ్యేదాకా దాని పుస్తకం తెరవకు.

వదినకి ఇంకా చెప్పలేదన్నావు. ఈ వారమే చెప్పు. రూటు, కంట్రోల్ పాయింట్ల టైములు, నిర్వాహకుల నంబరు ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఫోన్‌లో లైవ్ లొకేషన్ పెట్టడం చూపించు. ఎక్కడ ఉన్నావో కనిపిస్తుంటే ఆమెకి సగం టెన్షన్ పోతుంది. పవర్ బ్యాంక్ మర్చిపోకు, లొకేషన్ ఆన్‌లో ఉంటే చార్జింగ్ సాయంత్రానికి ఉండదు. ఫినిష్ దగ్గరికి మీ నాన్నని కారు తీసుకుని రమ్మను. పదమూడు గంటలు తొక్కాక డ్రైవింగ్ చేస్తే స్టీరింగ్ మీదే కునుకు పడుతుంది, నువ్వు నడపొద్దు. చివరి ముద్ర పడ్డాక కార్డు మీద నీ సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ హడావిడిలో చాలామంది మర్చిపోతారు, పెన్ను నీ జేబులోనే ఉంచుకో.

మీ అత్త