అత్తమ్మ అల్లే టోపీలు, కోడలు ఒప్పుకున్న ఆర్డరు

ప్రశ్న: మేము నల్లగొండలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. నా భర్తది ప్రైవేటు ఉద్యోగం. నేను ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు. మామయ్య మూడేళ్ల కిందట పోయినప్పటి నుంచి అత్తమ్మ మా దగ్గరే ఉంటున్నారు. ఆమెకు 61 ఏళ్లు. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ పోచంపల్లి వైపు చేనేత కుటుంబాలే. ఆమె పక్కింటి టీచరమ్మ దగ్గర క్రోషియా నేర్చుకున్నారు. మధ్యాహ్నం పూట వాడకట్టులోని ఐదారుగురు ఆడవాళ్లతో కలిసి కూర్చొని, ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టే పసిపిల్లలకు టోపీలు, మేజోళ్లు అల్లి ఉచితంగా ఇస్తున్నారు. ఊలుకు నెలకు ఆరేడు వందలు మా ఇంటి నుంచే పోతున్నాయి. మన ఎండలకు ఊలు టోపీలు ఎందుకో నాకు అర్థం కాదు. ఆమె పనితనం బాగుంటుందని నేను ఫోటోలు ఫోన్‌లో పెట్టి, పన్నెండు టేబుల్ కవర్లకు ఆర్డరు ఒప్పుకొని, మూడు వేల రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాను. నెల రోజుల్లో ఇవ్వాలి. అత్తమ్మ చేయనన్నారు. కోపంలో ఆ ఆడవాళ్ల ముందే "మా ఆయన జీతం మీ ఊలుకే పోతున్నది, ఊకె పంచిపెట్టేంత ఉన్నదా మనకు" అన్నాను. ఆ రోజే ఆమె దారాల సంచి సజ్జ మీద పెట్టేశారు. నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. వాళ్లూ రావడం మానేశారు. నా భర్త ఏమీ అనరు, ఆయన మంచివారు, ఎవరినీ నొప్పించరు. ఆడవాళ్ల చేతి పనికి విలువ కట్టాలనుకోవడం తప్పా? అత్తమ్మకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు సులభం. విలువ కట్టాలనుకోవడం తప్పు కాదు. రెండోదానికి మాత్రం మీరు ఆశించిన జవాబు నేను ఇవ్వలేను, ఎందుకంటే మీ ఉత్తరం చదివాక, ఈ విషయంలో ఒకరికి నచ్చజెప్పవలసి ఉంటే అది మీ అత్తమ్మకు కాదని నాకు అనిపించింది.

మీ మొదటి మాటకు బలమైన ఆధారమే ఉంది. క్రోషియా అనగానే తెలుగువారికి గుర్తొచ్చే ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని నర్సాపురం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి చేరిన లేసు అల్లిక ఆ చుట్టుపక్కల గ్రామాల్లో వేలాది స్త్రీల చేతి పనిగా స్థిరపడింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ స్త్రీల జీవితాలను దగ్గరగా పరిశీలించి 1982లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విషయం స్పష్టంగా చెప్పారు. ఇంట్లో కూర్చొని గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకొనే గృహిణులుగా అందరూ చూడడం వల్లనే వారికి అతి తక్కువ కూలి దక్కింది, లాభం వ్యాపారుల చేతికి పోయింది. కాబట్టి "చేతి పనికి వెల ఉండాలి" అని మీరు అనడంలో న్యాయం ఉంది.

అయితే అదే న్యాయాన్ని మీరు తీసుకున్న ఆర్డరుకు కూడా వర్తింపజేసి చూడండి. క్రోషియా యంత్రం మీద తయారయ్యేది కాదు, ప్రతి కుట్టూ ఒక మనిషి వేళ్ల మధ్య నుంచి పోవలసిందే. సన్నని నూలుతో ఒక చిన్న టీపాయి కవరు అల్లడానికే అలవాటు పడిన చేతికి చాలా రోజులు పడుతుంది. అటువంటివి పన్నెండు, నెల రోజుల్లో, 61 ఏళ్ల మనిషి అల్లాలని మీరు ఎవరికో మాట ఇచ్చారు. ధర మీరు నిర్ణయించారు, గడువు మీరు ఒప్పుకున్నారు, అడ్వాన్సు మీ చేతికి వచ్చింది, పని మాత్రం ఆమె చేయాలి. నర్సాపురం స్త్రీలకు, వ్యాపారికి మధ్య నిలిచిన ఏజెంటు చేసే పని ఇంతకన్నా భిన్నంగా ఉండదు. మీ ఉద్దేశం చెడ్డదని నేను అనడం లేదు. అద్దె, బాబు చదువు, నెలాఖరు లెక్కలు చూసుకొనే మనిషికి ఇంట్లో కనిపించే ప్రతి నైపుణ్యమూ ఒక ఆదాయ మార్గంగా తోచడం సహజం.

మీ అత్తమ్మది పోచంపల్లి వైపు చేనేత కుటుంబమని మీరు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే. ఇక్కత్ చీర మగ్గం మీదికి ఎక్కక ముందు, పేక నూలును అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ ఆసు పోయాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని తరతరాలుగా ఆడవాళ్లదే. దానివల్ల భుజాలు పడిపోయిన తల్లి బాధ చూడలేకనే ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమపడి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం ఇల్లిల్లూ చేరక ముందు కాపురానికి వచ్చిన తరం మీ అత్తమ్మది. ఆమె ఎంత ఆసు పోశారో, ఎన్ని కండెలు చుట్టారో నాకు తెలియదు, మీరు అడిగితే ఆమే చెబుతారు. కానీ ఆ ఇళ్ల పద్ధతి నాకు తెలుసు. రంగు, డిజైను, గడువు షావుకారు చెబుతాడు. మజూరీ మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరున లెక్కకు వస్తుంది. ఆసు పోసిన చేతికి వేరే లెక్క ఉండదు.

అలా బతికిన స్త్రీ, ఆరు పదుల వయసులో, భర్త పోయిన దుఃఖంలో, ఒక సూది, ఒక ఉండ దారం తీసుకొని ఏ రంగు వేయాలో, ఎంత అల్లాలో, ఎవరికి ఇవ్వాలో తానే నిర్ణయించుకొంటున్నారు. నూలు మధ్యనే గడిచిన ఆమె జీవితంలో బహుశా ఈ స్వేచ్ఛ మొదటిసారి దొరికి ఉంటుంది. మీరు తెచ్చిన ఆర్డరు ఆమెకు ఆదాయంగా కనిపించలేదని మీరు ఆశ్చర్యపోయారు. నాకైతే ఆమెకు అందులో పాత షావుకారే మళ్లీ కనిపించి ఉంటాడనిపిస్తుంది. చేతి పనికి విలువ ఉండాలంటే ముందు ఆ పనిని అమ్మాలా, పంచాలా, దాచుకోవాలా అన్న నిర్ణయం ఆ చేతులదే కావాలి. ఆ తరువాతే ధర మాట.

మన ఎండలకు ఊలు టోపీలెందుకన్న సందేహం చాలామందికి ఉన్నదే. నెలలు నిండకుండా పుట్టిన శిశువుకు గాని, 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు గాని చర్మం కింద కొవ్వు తక్కువగా ఉండడం వల్ల, గది మనకు వెచ్చగా తోచినా ఒంటి వేడి త్వరగా తగ్గిపోతుంది. శరీరంతో పోలిస్తే తల పెద్దది కాబట్టి అక్కడి నుంచి పోయే వేడీ ఎక్కువే. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో మొదలైన కంగారూ మదర్ కేర్ పద్ధతిని ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ పాటిస్తున్నారు. తల్లి గుండెల మీద బిడ్డను చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టినప్పుడు బిడ్డకు ఉండేవి ఒక టోపీ, ఒక జత మేజోళ్లు, ఒక న్యాపీ మాత్రమే. మీ అత్తమ్మ ఇస్తున్నది సరిగ్గా అందులో రెండు. అయితే మీ సందేహంలో ఒక మేలైన సూచన కూడా దాగి ఉంది. మన ప్రాంతానికి గరుకు ఊలు కన్నా మెత్తని నూలు దారం మంచిది. పసివాళ్ల వేళ్లు చిక్కుకొనేంత పెద్ద కన్నాలు, గుండీలు, వేలాడే దారాలు, ఊడివచ్చే పూసలు ఉండకూడదు. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 33 నుంచి 35 సెంటీమీటర్లు, ముందుగా పుట్టిన వారికి ఇంకా తక్కువ. అందువల్ల ఏ కొలతలు, ఎన్ని కావాలో శిశువుల వార్డు సిస్టరును అడిగి అల్లుకోవడం మంచిది. ఫోన్‌లో కనిపించే, నెలలు నిండని శిశువుల పక్కన పెట్టడానికి అల్లే ఆక్టోపస్ బొమ్మల వంటివి కొన్ని దేశాల్లో ఇస్తున్నారు గాని, అవి ఆసుపత్రి అనుమతి లేకుండా ఇవ్వవలసినవి కావు.

ఇక మీరు చేయవలసిన పనుల్లో మొదటిది క్షమాపణ. మీరు ఆ మాట నలుగురి ముందు అన్నారు, కాబట్టి వంటింట్లో మెల్లగా "తప్పయింది అత్తమ్మా" అంటే సరిపోదు. ఆ ఐదారుగురి ఇళ్లకూ మీరే స్వయంగా వెళ్లి మళ్లీ రమ్మని పిలవండి, వాళ్లు వచ్చిన రోజున వాళ్ల ముందే చెప్పండి. ఇది మీకు చిన్నతనంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ ఆ మాటలో బాధ డబ్బు గురించినది మాత్రమే కాదు. కొడుకు జీతం మీద బతుకుతున్న మనిషినని వితంతువైన తల్లికి పదిమందిలో గుర్తు చేయడం మన ఇళ్లలో చాలా పెద్ద మాట, అది విన్నవారు తమ ఇళ్లలో తమ స్థానం గురించి కూడా ఆలోచించుకొని ఉంటారు. అందుకే వాళ్లు రావడం మానేశారని నా అనుమానం. క్షమాపణ చెప్పేటప్పుడు "కానీ" అన్న మాట చేర్చవద్దు, ఖర్చు గురించిన మాటను ఆ రోజుకు పక్కన పెట్టండి.

ఖర్చు గురించి మాట్లాడకూడదని నేను అనడం లేదు. మాట్లాడాలి, వేరే రోజున, మీ భర్త ఎదురుగా, ఇంటి లెక్కలన్నిటితో పాటు మాట్లాడాలి. నెలకు ఆరేడు వందలు మీ ఇంటికి బరువైతే మూడు వందలే ఇవ్వగలమని మర్యాదగా చెప్పవచ్చు. ఆ మొత్తం ఆమె చేతికి ఇచ్చి, లెక్క అడగకండి. పసిబిడ్డ టోపీకి పట్టే దారం తక్కువే, పాతిక గ్రాముల లోపే సరిపోతుంది, కాబట్టి ఆ డబ్బుతోనూ పని ఆగదు. మిగతా స్త్రీలు కూడా తలా కొంత వేసుకోవచ్చు, పొదుపు సంఘాల్లో ఉన్న వారికి ఇది కొత్త కాదు. నా అంచనాలో, ఖర్చంతా ఇన్నాళ్లూ మీ ఇంటి మీదే పడడం ఎవరూ అడగకపోవడం వల్ల జరిగిందే గాని, మేము ఇవ్వబోమని ఎవరో అనడం వల్ల కాదు. కొన్నాళ్లు గడిచాక దారం ఖర్చుల కోసం నెలకు ఒకటి రెండు వస్తువులు అమ్ముకుందామని ఆ స్త్రీలే అనుకుంటే, అప్పుడు మీ లెక్కల అనుభవం వాళ్లకు ఎంతో ఉపయోగపడుతుంది. దారం ధరతో పాటు పట్టిన గంటలను కూడా వెలలో చేర్చమని పట్టుబట్టవలసింది మీరే. ఆ ప్రస్తావన మాత్రం వాళ్ల నుంచే రానివ్వండి.

మీ భర్త ఎవరినీ నొప్పించరని మీరు మెచ్చుకుంటూ రాశారు. ఆయన నోరు విప్పనందువల్ల తల్లి కొడుకు డబ్బు గురించి కోడలి నోటి మాట వినవలసి వచ్చింది, చెడ్డపేరంతా మీరు ఒక్కరే మోస్తున్నారు. "అమ్మా, నీ ఊలుకు నేను ఇంత ఇస్తాను" అన్న వాక్యం చెప్పవలసిన వారు ఆయనే. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. ఆమె మౌనం మీ మీద అలకే అయితే మీరు మాట కలిపాక తగ్గుతుంది. అలా కాకుండా అన్నం తగ్గించడం, రాత్రి నిద్ర లేకపోవడం, మనవడితో కూడా ముభావంగా ఉండడం, "నేనుండి ఏం లాభం" వంటి మాటలు రెండు వారాలకు మించి కనిపిస్తే అది కుంగుబాటు కావచ్చు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలన్న మాట ఏ రూపంలో వినిపించినా రెండు వారాలు చూడకుండా వెంటనే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆమె తిరిగి అల్లిక మొదలుపెట్టాక, పాత భుజం నొప్పి ఏమైనా ఉందేమో అడగండి. అరగంటకోసారి సూది పక్కన పెట్టి చేతులు, మెడ కదిలించుకోవాలి. చూపు ఆనకపోతే కంటి పరీక్ష చేయించాలి, ముదురు రంగు దారాలను పగటి వెలుగులోనే అల్లుకోవాలి.

టేబుల్ కవర్ల ఆర్డరు ఇచ్చిన వారికి ఈ రోజే ఫోన్ చేసి, "అల్లేవారిని అడగకుండా నేను ఒప్పుకున్నాను, వారికి వీలు పడదు" అని ఉన్నదున్నట్టు చెప్పి, ఆ మూడు వేలూ తిరిగి ఇచ్చేయండి. అందులో కొంత ఖర్చయి ఉంటే మీ జీతంలో నుంచి కలిపి ఇవ్వండి. ఇచ్చేసిన సంగతి అత్తమ్మకు మీ నోటితోనే తెలియాలి.